ఒంటరి నడక వెనక ఎంతమంది

జపాన్ పోలీసు శాఖ ఏటా ఒక లెక్క విడుదల చేస్తుంది. కొండల్లో ఎంతమంది ఆపదలో పడ్డారు, ఎంతమందిని క్షేమంగా దించుకొచ్చారు, ఎంతమంది దక్కలేదు అన్నది అందులో ఉంటుంది. 2023లో ఆ లెక్కకెక్కినవాళ్లు 3,568 మంది. చనిపోయినవాళ్లు, జాడ తెలియకుండా పోయినవాళ్లు కలిపి 335 మంది. ఈ అంకెలు వినగానే మంచు తుపానులు, తాళ్లు, గొడ్డళ్లు, గడ్డాల మీద గడ్డకట్టిన ఊపిరి కళ్లముందు మెదులుతాయి. కానీ ఆ ఏడాది ఫూజీ పర్వతం మీద కంటే ఎక్కువమంది చిక్కుల్లో పడింది టోక్యో పడమటి అంచునున్న తకావో కొండ మీద. దాని ఎత్తు 599 మీటర్లు. సగం దాకా కేబుల్ కారు వెళ్తుంది. బడిపిల్లల్ని వరసగా నిలబెట్టి తీసుకొస్తుంటారు. 2007లో మిషెలిన్ గైడు దానికి 3 నక్షత్రాలు ఇచ్చింది. మామూలుగా ఆ నక్షత్రాలు ఫ్రెంచి వంటగదులకే దక్కుతాయని అనుకునేవాళ్లు ఆ రోజు కాస్త ఆశ్చర్యపోయే ఉంటారు.

ఇందులో పెద్ద రహస్యమేమీ లేదు. కొండ తేలిక కాబట్టి జనం వస్తారు, జనం ఎక్కువ కాబట్టి పడేవాళ్లూ ఎక్కువ. ఏటా ఇరవై లక్షలకు పైగా వస్తారు, అందులో మధ్యాహ్నం మూడింటికి తీరిగ్గా ఎక్కడం మొదలుపెట్టేవాళ్లూ ఉంటారు. అయితే ఈ తేలిక దానంతటదే వచ్చింది కాదు. మనిషి ఒక్కడే పొద్దున బయల్దేరి, కొండల మీదుగా నడిచి, రాత్రి భోజనానికి ఇల్లు చేరేలా జపాన్‌లో వందేళ్లకు పైగా ఎవరెవరో ఏర్పాట్లు చేస్తూ వచ్చారు. అంతా చేసి పెట్టి, దయచేసి ఒంటరిగా వెళ్లకండి అని పోలీసులు ప్రతి ఏడాదీ విన్నవించుకుంటారు. ఈ రెండూ ఒకే దేశంలో ఎలా ఇముడుతున్నాయో తెలియాలంటే ఒక దారి పట్టుకుని నడవడమే మేలు.

ఆ దారి జింబా శిఖరం నుంచి తకావో దాకా సాగే కొండవెన్ను. టోక్యో, కనగావా జిల్లాల సరిహద్దు చాలావరకు దీని మీదే నడుస్తుంది. జింబా ఎత్తు సుమారు 855 మీటర్లు, అంటే దాదాపు తిరుమల కొండంత. అక్కడి నుంచి మ్యోఓ కనుమ, 727 మీటర్ల కగెనొబు, 548 మీటర్ల కొబొతొకె కనుమ, 670 మీటర్ల షిరోయామా, చివరికి తకావో. మొత్తం పదిహేను కిలోమీటర్ల పైచిలుకు. ఎత్తు చూస్తే దిగుతూ పోయే దారి అనిపిస్తుంది. నిజానికి ఇది దిగి ఎక్కి, ఎక్కి దిగే దారి. ఈ సంగతి మోకాళ్లకు మధ్యాహ్నం దాటాక తెలుస్తుంది.

మొదటి ఏర్పాటు రైలు. షింజుకులో చూవో లైను ఎక్కితే గంటలోపు తకావో స్టేషన్. ఉత్తరం వైపు బయటికొస్తే జింబా పాదం దాకా బస్సు, మరో నలభై నిమిషాలు. మనవాళ్లతో సహా భారతీయులు ఎక్కువగా కాపురముండే నిషికసాయ్, టోక్యో నగరానికి తూర్పు కొసన ఉంది. అక్కడి నుంచి వచ్చేవాళ్లు ఇంకో అరగంట ముందు లేవాలి. ఇంత చవగ్గా, ఇంత కచ్చితంగా కొండ మొదట్లో దించే రవాణా ఎందుకుందంటే, జపాన్ ప్రైవేటు రైలు కంపెనీలకు ఆదివారాలు ఖాళీ పెట్టెలు నడపడం ఇష్టం లేకపోయింది. వారమంతా జనాన్ని ఊళ్లోకి మోసిన రైళ్లు సెలవు రోజున వాళ్లను బయటికి మోయాలి. లైను చివర ఒక గుడో, కొండో, వేడినీటి ఊటో ఉంటే టికెట్లు అమ్ముడవుతాయి. జింబా శిఖరాన నిలబడ్డ పెద్ద తెల్లగుర్రం బొమ్మను పెట్టించింది కూడా రైలు కంపెనీయే. దాని వెనక వీరగాథ ఏదో ఉంటుందనుకుని ఫొటో దిగేవాళ్లకు ఆ సంగతి చెప్పకపోవడమే మర్యాద.

రెండో ఏర్పాటు పటం. షోబున్షా అనే సంస్థ 1965 నుంచి కొండదారుల పటాలు అచ్చు వేస్తోంది. నీళ్లకు చిరగని కాగితం, ఎర్రగీతలతో దారులు, ప్రతి గీత పక్కనా నిమిషాలు. ఈ మలుపు నుంచి ఆ కనుమకు నలభై, అక్కడి నుంచి శిఖరానికి ముప్పై. ఎక్కేందుకు ఒక అంకె, దిగేందుకు ఒకటి. ఒక్కడే వెళ్లేవాడికి ఇంతకు మించిన తోడు లేదు. ఎంత దూరమన్నది కొండల్లో పనికిరాని ప్రశ్న, ఎంతసేపన్నదే పనికొచ్చేది. మన ఊళ్లలో పెద్దవాళ్లకు ఇది తెలుసు. అవతలి ఊరు ఎంత దూరమని అడిగితే రెండు చుట్టలు కాల్చేంత అనేవాళ్లు.

కానీ ఆ నిమిషాలు ఎవరి నిమిషాలో చూసుకోవాలి. పటంతో పాటే అది రాసి ఉంటుంది, చదివేవాళ్లే తక్కువ. 40 నుంచి 50 ఏళ్ల వయసు, కొండనడక అనుభవం, 2 నుంచి 5 మంది ఉన్న జట్టు, వేసవి, మబ్బులేని రోజు. ఆగిన సమయం అందులో కలపలేదు. అంటే అది నవంబరులో, ముందు రోజు వానకు జారుతున్న వేళ్ల మీద, రాత్రి రెండింటి దాకా ఆఫీసు కాల్‌లో ఉండి వచ్చిన పాతికేళ్ల కుర్రాడి కోసం వేసిన లెక్క కాదు. ఒంటరివాడి కోసం వేసింది అసలే కాదు. ఈ దారికి పటం లెక్క సుమారు ఆరు గంటలు. తినడం, ఆగడం, బూటు లేసు కట్టుకోవడం, ఫూజీ కనిపించిన ప్రతిచోటా ఫోను తీయడం కలిపితే ఏడున్నర. పొద్దున తొమ్మిదింటికి నడక మొదలుపెడితే సాయంత్రం నాలుగున్నర.

డిసెంబరు మొదట్లో టోక్యోలో సూర్యుడు అస్తమించేది సరిగ్గా అప్పుడే, నాలుగున్నరకు. హైదరాబాద్ కంటే గంటకు పైగా ముందు. దేశమంతటికీ ఒకే గడియారం, టోక్యో తూర్పున ఉండటంతో పొద్దు తొందరగా పొడుస్తుంది, తొందరగా గుంకుతుంది. అడవిలో చీకటి ఇంకో అరగంట ముందే పడుతుంది. కారణం ఏడాదంతా ఆకులుండే సుగి చెట్లు. యుద్ధం తర్వాత ఇళ్లకు కలప కావాలని జపాన్ కొండల నిండా సుగి, హినోకి మొక్కలు వరసల్లో నాటారు. అవి ఎదిగేలోపు విదేశీ కలప చవగ్గా దిగింది, నాటినవాటిని కొట్టేవాళ్లు కరవయ్యారు. ఇవాళ దేశం మూడింట రెండు వంతులు అడవి, ఆ అడవిలో దాదాపు నలభై శాతం ఇలా నాటిందే. ఫలితం రెండు రకాలు. వసంతంలో సుగి పుప్పొడికి దేశమంతా తుమ్ముతుంది. 2019 సర్వేలో నూటికి దాదాపు 39 మందికి ఆ జబ్బు తేలింది. ఇక కొండవెన్నుకు ఒక పక్క ఆకురాల్చే చెట్ల మధ్య ఎండ పడుతుంటే, రెండో పక్క సుగి తోటలో మధ్యాహ్నం మూడింటికే దీపం పెట్టాలనిపిస్తుంది. అందుకే పగటి నడకకైనా తలకు కట్టుకునే లైటు సంచిలో ఉండాలని అనుభవజ్ఞులు విసుగు లేకుండా చెబుతారు. ఫోను లైటు చాలదా అని అడిగేవాళ్లకు వాళ్ల జవాబు: దారి తప్పినప్పుడు ఫోన్ చేయడానికి చార్జింగు కావాలి కదా.

దారి తప్పడం గురించి కాస్త ఓపిగ్గా చెప్పుకోవాలి, ఎందుకంటే జపాన్ కొండల్లో ఆపదకు మొదటి కారణం అదే. పోలీసుల లెక్కలో ప్రతి ముగ్గురిలో ఒకరు దారి తప్పినవారే. జారిపడటం, తూలిపడటం ఆ తర్వాత. బోర్డులున్నాయి, పటాలున్నాయి, ఫోనులో ఉపగ్రహం చూపించే చుక్క ఉంది. అయినా ఎలా తప్పుతారు?

జవాబు కొండ ఆకారంలో ఉంది. ఎక్కేటప్పుడు కొండవెన్నులన్నీ ఒకచోటికే చేరతాయి. ఏ వెన్ను పట్టుకున్నా చివరికి శిఖరమే. తప్పినా పైకే పోతారు, పైన కలుస్తారు. దిగేటప్పుడు అదంతా తిరగబడుతుంది. ఒక వెన్ను రెండు పాయలవుతుంది, ఆ రెండూ నాలుగు. ప్రతి పాయ మొదట్లోనూ దారిలాంటిదే కనిపిస్తుంది, ఎందుకంటే మీకు ముందు తప్పినవాళ్లు కూడా అటే నడిచారు. పది నిమిషాలు పోయాక దారి సన్నబడుతుంది. వెనక్కి ఎక్కాలంటే కాళ్లు ఒప్పుకోవు. కింద వాగు చప్పుడు వినిపిస్తుంది, వాగు వెంట పోతే ఊరొస్తుంది కదా అనిపిస్తుంది. మైదానంలో అది తెలివైన ఆలోచనే. జపాన్ వాగులు నిటారు లోయల్లో పారతాయి, మధ్యలో జలపాతాలు ఉంటాయి. దిగినచోట నుంచి ఎక్కలేరు, ముందున్నచోటికి దిగలేరు. ఫోను సిగ్నలు కూడా లోయలో ఉండదు. కాబట్టి అక్కడ నేర్పే మొదటి సూత్రం: అనుమానమొస్తే తెలిసిన చోటికి వెనక్కి ఎక్కు. వినడానికి ఎంత సులువో, నాలుగు గంటలు నడిచిన కాళ్లతో పాటించడం అంత కష్టం. పక్కన ఇంకొకరుంటే ‘ఇటు కాదేమో’ అని ఒక్క మాట అంటారు. ఒంటరివాడు ఆ మాట తనకు తనే చెప్పుకోవాలి, పైగా తనే వినాలి.

చెట్లకు కట్టిన గులాబీరంగు రిబ్బన్ల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. కొత్తవాళ్లు వాటిని దారి గుర్తులనుకుని వెంబడిస్తారు. కొన్నిచోట్ల అది నిజమే. మరికొన్నిచోట్ల అవి అడవి పనివాళ్లు కట్టుకున్నవి, ఏ చెట్టు కొట్టాలో, ఎవరి హద్దు ఎక్కడో తెలియడానికి. వాటిని నమ్ముకుని పోతే చక్కగా ఒక సుగి తోట మధ్యకు చేరతారు. నమ్మదగ్గ గుర్తు ఇంకొకటుంది, అది ఏ బోర్డు కంటే తక్కువ ఆర్భాటంగా ఉంటుంది. దారిలా కనిపించే చోట అడ్డంగా రెండు మూడు ఎండుకొమ్మలు, బొటనవేలు లావువి, వరసగా పరిచి ఉంటాయి. గాలికి పడ్డ కొమ్మలు చిందరవందరగా పడతాయి, ఇవి మాత్రం దారికి సరిగ్గా అడ్డంగా, రెండు చివర్లూ పక్కనున్న మొదళ్లకు ఆనించి ఉంటాయి. ‘ఇటు కాదు’ అని వాటి అర్థం. ఎవరో అటు పోయి, తిరిగొచ్చి, మీ కోసం వంగి వాటిని పరిచారు. ఒంటరిగా నడుస్తున్నాననుకునేవాడు వాటిని చూసుకోకుండా దాటేస్తే, ఆ ఒంటరితనం కాసేపట్లో నిజమవుతుంది.

పోలీసుల అంకెల్లో ఒంటరివాళ్ల గురించి మరో సంగతి ఉంది. ఆపదలో పడ్డవాళ్లలో చనిపోయేవారి, జాడ తెలియకుండా పోయేవారి వంతు, జట్టుగా వెళ్లినవాళ్లతో పోలిస్తే ఒంటరివాళ్లలో దాదాపు రెట్టింపు. ఒక్కడే వెళ్లేవాడు ఎక్కువ పడతాడని దీనర్థం కాదు. పడ్డాక తెలియజేసేవాళ్లు లేకపోవడమే తేడా. మడమ బెణికితే జట్టులో అది సరదాగా ఏడిపించుకునే కథ, ఒంటరికి రాత్రి చలి. అలాగని జట్టు ఉంటే బతుకుతారనే హామీ కూడా లేదు. జపాన్ కొండల చరిత్రలో ఒంటరి నడకకు మారుపేరు కాతో బుంతారో. 1905లో పుట్టాడు. కోబెలో ఓడల కంపెనీలో ఉద్యోగి. పర్వతారోహణ అంటే డబ్బున్న విద్యార్థి సంఘాలు, కూలికి మార్గదర్శకులు అన్న రోజుల్లో, ఆయన చలికాలపు శిఖరాలకు సెలవులు లెక్కపెట్టుకుని ఒక్కడే వెళ్లొచ్చేవాడు. 1936 జనవరిలో యారి శిఖరం ఉత్తరపు వెన్ను మీద మంచులో చనిపోయాడు, ముప్పై ఏళ్ల వయసులో. ఆసారి ఆయన వెంట మిత్రుడున్నాడు. దీన్నుంచి ఏ పాఠం తీయాలో జపనీయులు ఇంకా తేల్చుకోలేదు. నాకూ తొందరేం లేదు.

జింబా నుంచి కగెనొబు దాకా దారి చాలావరకు చదునుగా, ఏ గొడవా లేకుండా సాగుతుంది. మధ్యమధ్య చిన్న గుట్టలొచ్చినచోట రెండు దారులుంటాయి, ఒకటి నెత్తి మీదుగా, ఒకటి పక్క నుంచి చుట్టి. ఏది పట్టుకున్నా అవతల కలుస్తాయి. ఎదురొచ్చే ప్రతివాళ్లూ ‘కొన్నిచివా’ అంటారు. గంటసేపు రైల్లో మోచేతులు తగులుతున్నా కళ్లు కలపని మనుషులు వీళ్లే. ఈ పలకరింపులో మర్యాదతో పాటు ఒక ఉపయోగం కూడా ఉంది. రేపు మీరు కనిపించకపోతే, ఫలానా రంగు సంచితో ఒకరు ఫలానా వేళకు ఎదురయ్యారని చెప్పేవాళ్లు ఉంటారు. ఇరుకు దారిలో మామూలుగా ఎక్కేవాళ్లకు దారివ్వాలి. డెబ్బై ఏళ్ల పెద్దాయన ఎదురుగా ఎక్కొస్తుంటే పక్కకు జరిగి నిలబడటం ధర్మం. అదే పెద్దాయన వెనక నుంచి దాటిపోతున్నప్పుడు కూడా పక్కకు జరగాల్సి వస్తుంది, అప్పుడది అవసరం.

ఆయన సంచికి గంట కట్టి ఉంటుంది. ఎలుగుబంటికి వినబడటానికి. తకావో కొండల్లోనూ అడపాదడపా ఎలుగులు కనబడుతుంటాయి. 2023-24లో దేశం మొత్తం మీద 219 మంది వాటి దాడికి గురయ్యారు, ఎక్కువమంది ఉత్తరాది జిల్లాల్లో. ఒంటరివాడికి ఇక్కడా ఒక లోటుంది: జట్టు మాటల చప్పుడుకే ఎలుగు తప్పుకుంటుంది, ఒక్కడు తనలో తాను మాట్లాడుకుంటే చూసేవాళ్లు తప్పుకుంటారు. గంటే నయం.

తిండి సంగతి. కొండ మీద టీ కొట్లున్నాయి, కగెనొబులో అడవి ఆకుల తెంపురా వేస్తారు, పుట్టగొడుగుల సూపు పోస్తారు. కానీ అవి సెలవు రోజుల బేరాన్ని నమ్ముకున్నవి. జనం లేని మంగళవారం చూసి వెళ్లినవాళ్లకు మూసిన తలుపులే దక్కవచ్చు. వెన్ను మీద నీళ్లు దొరకవు, రెండు లీటర్లు కిందినుంచే మోసుకెళ్లాలి. భోజనం స్టేషన్ దగ్గరి షాపులో కొన్న ఓనిగిరి, అంటే అన్నం ముద్ద. దాని పొట్లం మీద 1, 2, 3 అని అంకెలుంటాయి. ఒకటో నంబరు కొసను పట్టి కిందికి లాగితే పొట్లం నడిమికి చీలుతుంది. రెండు, మూడు చెరో పక్కకు లాగితే, అన్నానికి, సముద్రపు నాచు పొరకు మధ్య ఉన్న ప్లాస్టిక్ పొర జారిపోయి నాచు కరకరలాడుతూ అన్నానికి చుట్టుకుంటుంది. వరస తప్పితే నాచు ప్లాస్టిక్‌తో పోతుంది, చేతిలో ఉత్త అన్నం మిగులుతుంది. శాకాహారులకు సాధారణంగా దారి చూపేది ఉప్పులో ఊరిన ఉమె పండు పెట్టిన ముద్ద. మిగతావాటిలో చేప రసం ఏ మూలనో ఉంటుంది, లేబులు చదవాలి. ఖాళీ పొట్లం మళ్లీ సంచిలోకే. కొండ మీద చెత్తబుట్టలుండవు. ఎవరి చెత్త వాళ్లు ఇంటిదాకా మోయడం అక్కడ చట్టం కంటే గట్టి అలవాటు.

కొబొతొకె కనుమ దగ్గర కాసేపు ఆగాలి. ఎడో పాలకుల కాలంలో టోక్యో నుంచి పడమటికి పోయే రాజమార్గం ఈ కనుమ మీదుగానే సాగేది. ప్రయాణికులు, గుర్రాలు, కావళ్లు, కింద తనిఖీ ఠాణా. 1880లో మెయిజి చక్రవర్తి ఇక్కడ ఆగి సేదతీరాడని ఒక రాయి చెబుతుంది. 1901లో కొండ కింద రైలు సొరంగం తెరిచారు, కనుమ ఖాళీ అయింది. తర్వాత ఎక్స్‌ప్రెస్ రహదారికీ సొరంగం తొలిచారు. ఆదివారం సాయంత్రం ఆ సొరంగం ముందు కార్లు కిలోమీటర్ల కొద్దీ ఆగిపోవడం రేడియోలో వచ్చే శాశ్వత వార్త. సెలవు ముగించుకుని తిరిగొచ్చే ఆ కార్ల మీదుగా మీరు గంటకు రెండున్నర కిలోమీటర్ల వేగంతో దాటిపోతుంటారు. 2012లో తకావో కిందనుంచి కూడా ఇంకో రహదారి సొరంగం తెరిచారు. అది వద్దని ఏళ్ల తరబడి కోర్టులో పోరాడారు. కొండను కాపలా కాస్తాయని చెప్పే పొడుగుముక్కు తెంగుల పేరు మీదే ఆ కేసును పిలిచారు. తెంగులు ఓడిపోయాయి.

ఇక తకావో. ఒక్కసారిగా జనం. అంతవరకు పలకరించినవాళ్లంతా ఇక్కడ మానేస్తారు, వేలమందిని ఎవరు పలకరించగలరు. 744లో స్థాపించినట్టు చెప్పే యాకువోఇన్ గుడి ఇక్కడే ఉంది. ఈ అడవి గొడ్డలికి దొరక్కుండా మిగలడానికి గుడి, పాలకులు ఇద్దరూ కారణమే. పదహారు వందల రకాల మొక్కలున్నాయంటే ఆ పుణ్యమే. దిగడానికి చాలా దారులున్నాయి, అందులో చీకటిపడితే ఎంచుకోవాల్సింది ఒకటే, గుడి మీదుగా పోయే చదును చేసిన ఒకటో నంబరు దారి. వాగు వెంట పోయే ఆరో నంబరు అందంగా ఉంటుందని, చీకట్లో అటు దిగి, హెలికాప్టరుకు కాకపోయినా అగ్నిమాపకదళానికి పని పెట్టేవాళ్లు ఉంటూనే ఉంటారు. హెలికాప్టరు అంటే గుర్తొచ్చింది. పక్కనున్న సైతామా జిల్లా 2018 నుంచి కొండల్లో రక్షణకు తన హెలికాప్టరు వస్తే రుసుము వసూలు చేస్తోంది. మొదట్లో ప్రతి 5 నిమిషాలకు 5,000 యెన్లు. మీటరు వేసిన మొదటి జిల్లా అదే.

కింద స్టేషన్ పక్కనే వేడినీటి స్నానశాల. దానికి ముందు చేయాల్సిన పని ఒకటుంది. పొద్దున బయల్దేరే ముందు కొండ వివరాల పత్రం ఇచ్చి ఉంటారు: పేరు, దారి, దిగే వేళ, ఇంట్లోవాళ్ల నంబరు. కొన్నిచోట్ల దారి మొదట్లో దానికి ఒక డబ్బా ఉంటుంది, కొన్ని జిల్లాల్లో కొన్ని కొండలకు అది ఇవ్వకపోతే చట్టవిరుద్ధం. ఇప్పుడు చాలామంది పర్వత మార్గదర్శకుల సంఘం నడిపే కంపస్ అనే యాప్‌లో నింపుతారు. దిగాక ‘దిగాను’ అని అందులో నొక్కాలి. నొక్కకపోతే చెప్పిన వేళ దాటిన కొన్ని గంటలకు ముందు మీకు, తర్వాత ఇంట్లోవాళ్లకు సందేశాలు పోతాయి. ఏడున్నర గంటలు నడిచి, వేడినీళ్లలో మునిగి, షింజుకు రైల్లో కూర్చున్నవాడికి రెండో స్టేషన్ దాటకముందే కునుకు పడుతుంది. కాబట్టి ఆ బటన్ బూట్లు విప్పకముందే నొక్కాలి.